పుక్కిలింత

ఉక్కు బిళ్లని త్రాసు మీద పెట్టి ఇంజనీరమ్మ ఊపిరి బిగబట్టింది. ఊపిరి తగిలినా అంకె కదిలిపోయే త్రాసు అది. సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

"ఆగండి" అంది తల తిప్పకుండా.

మళ్లీ తట్టారు. అంకె కాస్తా ఎగిరి కూర్చుంది. ఇక ఆ బిళ్లని మళ్లీ కడిగి, ఆరబెట్టి, చల్లారనిచ్చి, అప్పుడు గానీ తూచడానికి లేదు. ఆమెకి ఒళ్లు మండింది. గ్లౌజులు లాగేసి, విసవిసా వెళ్లి తలుపు తీసింది.

బయట ట్రామ్ డ్రైవరు నిలబడి ఉన్నాడు. చక్రంలోంచి ముక్క కోయించడానికి షెడ్డుకి వెళ్లినప్పుడు అతన్ని ఒకసారి చూసింది. అప్పుడు యూనిఫాంలో ఉన్నాడు కాబట్టి నిటారుగా కనబడ్డాడు. ఇప్పుడు మామూలు చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. గడ్డం గీసుకుని ఎన్నాళ్లయిందో.

"రిపోర్టు కాపీ నాకూ ఇచ్చారు మేడమ్. చదివాను. సగం అర్థం కాలేదు. ఆ యంత్రాన్ని ఒక్కసారి చూడనిస్తారా?"

చూపించకూడదు. అతని మీద విచారణ నడుస్తోంది. కానీ అతను దెబ్బలాడటానికి వచ్చినవాడిలా లేడు. పరీక్ష తప్పిన పిల్లాడు జవాబు ఏమిటో తెలుసుకోవడానికి వచ్చినట్టున్నాడు. "రండి" అంది, కాస్త తగ్గి.

ఆస్పత్రి వాలులో దిగుతూ అతని బండి స్టాపులో ఆగకుండా దూసుకుపోయింది. పట్టాలు దాటుతున్న కుట్టుపని అమ్మాయి చచ్చిపోయింది. వాలు పైనుంచే బ్రేకు తొక్కాను, చక్రం పట్టలేదు అని డ్రైవరు. తొక్కితే ఎందుకు పట్టదు, పరధ్యానంగా ఉండి ఆలస్యంగా తొక్కావు అని ట్రామ్ ఆఫీసువాళ్లు. ఎప్పుడు తొక్కాడో రాసుకునే పెట్టె ఆ పాత బండిలో లేదు. అందుకే ఆ తగవు చివరికి ఈ ల్యాబుకి వచ్చింది. ఆ చక్రానికి ఆ పట్టా మీద పట్టు ఉందా లేదా? ఉందని ఇంజనీరమ్మ రాసి పంపింది.

యంత్రం మూత పైకెత్తి చూపించింది. అరచేతిలో పట్టేంత ఉక్కు బిళ్లలు రెండు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి.

"పైది మీ బండి చక్రంలోంచి కోసింది. కిందది ఆ వాలులోని పట్టాలోంచి. రెండూ నొక్కుకుంటూ దొర్లుతాయి. పైదాన్ని కొంచెం నెమ్మదిగా తిప్పుతాం. అంటే మీరు బ్రేకు తొక్కారనుకోండి. అప్పుడు కిందది దాన్ని ఎంత గట్టిగా లాగితే అంత పట్టు ఉన్నట్టు. ఆ తెర మీద గీత చూడండి. పైన ఉంటే పట్టు ఉంది. పడిపోతే జారుతోంది."

పొడిగా నడిపి చూపించింది. గీత పైనే ఉంది. గొట్టం తిప్పి నీళ్లు వదిలింది. గీత కాస్త దిగి, అక్కడ నిలబడింది.

"వానలో కూడా పట్టింది కదా" అన్నాడు డ్రైవరు మెల్లిగా.

"బండి ఆగడానికి ఆ మాత్రం చాలు."

"ఇది పొరబడదా మేడమ్?"

"పొరబడేది మనుషులు. దీనికి మొహమాటం లేదు, మతిమరుపు లేదు" అంది. ఆ యంత్రాన్ని ఎవరైనా శంకిస్తే ఆమెకి తన బిడ్డని ఏదో అన్నట్టే ఉంటుంది.

అతను బిళ్లల మీదికి వంగాడు. "ఇన్నాళ్లూ నేను తొక్కాననే అనుకున్నానండీ" అన్నాడు. "అందరూ తొక్కావా తొక్కావా అని అడిగీ అడిగీ... ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే ఏ ఆనవాలూ దొరకట్లేదు."

"చక్రం పట్టిందని మాత్రమే నేను రాశాను. మీ సంగతి నాకు తెలీదు."

"అంతే కదండీ మరి" అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

మూలన బిళ్లలు తుడుస్తున్న బాబాయి అంతా వింటూనే ఉన్నాడు. ఈ ల్యాబులో అందరికంటే పాతవాడు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. "పాపం" అన్నాడు.

"పాపం అంటే అంకె మారుతుందా బాబాయ్?"

"మారదులే అమ్మాయ్. ఊరికే అన్నాను."

ఇంటికెళ్లాక ఆమెకి అన్నం సహించలేదు. పెళ్లి చేసుకోకుండా నర్సుగా చేసి రిటైరైన అక్కా, ఆమే ఉంటారు ఆ ఇంట్లో. అక్కకి నోరు ఎక్కువ, ఓపిక తక్కువ.

"ఏమే, ఆ కంచంలో ఏం వెతుకుతున్నావు? రాళ్లేమైనా తగిలాయా?"

ఇంజనీరమ్మ జరిగింది చెప్పింది.

"నువ్వు చెప్పింది నిజమే కదా?"

"నిజమే."

"మరి ఎందుకే మింగుడు పడట్లేదు?"

"ఏమో" అని చెయ్యి కడిగేసుకుంది. నిజం చెప్పిన మనిషి నిద్రపోవాలి. ఆమెకి పట్టలేదు.

మర్నాడు పొద్దున ముసురు పట్టింది. వాన అనడానికి లేదు, గొడుగు వేసుకుంటే నవ్వుతారు, వేసుకోకపోతే చొక్కా చెమ్మగిల్లుతుంది. అలాంటి తుంపర. ల్యాబులోకి వెళ్లేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. రాత్రంతా తెరిచే ఉందన్నమాట. పైగా ట్రామ్ బిళ్లలు యంత్రం మీదే ఉన్నాయి. విప్పి, తేమ తగలని గాజు పెట్టెలో పెట్టాల్సినవి. వాటి మీద పల్చగా ఎర్రటి పొర కట్టింది, కప్పులో టీ మరక మిగిలినట్టు.

"బాబాయ్! ఏంటిది?"

"భుజం పట్టేసింది అమ్మాయ్, నిన్న విప్పలేకపోయాను. అయినా వాటి పని అయిపోయిందిగా. వీటితోనే కాసేపు తిప్పి యంత్రాన్ని వేడిచేసి, తర్వాత కొత్త పనివి ఎక్కిస్తాను" అని మీట నొక్కి, టీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు.

అది అక్కడి పద్ధతి. పొద్దున్నే యంత్రం మొదలుపెట్టగానే గీత నిలకడగా ఉండదు. పడుతుంది, లేస్తుంది, గింజుకుంటుంది, కాసేపటికి కుదురుకుంటుంది. కుదురుకున్నాకే రికార్డు నొక్కాలి. బాబాయి దానికి పుక్కిలింత అని పేరు పెట్టాడు. "యంత్రం నోరు పుక్కిలిస్తోంది, ఆ నీళ్లు మనకెందుకు, ఉమ్మెయ్యనీ" అనేవాడు. కొత్తగా చేరినవాళ్లకి ఇంజనీరమ్మ నేర్పే మొదటి పాఠం కూడా అదే. పుక్కిలింత కలిపేసి రికార్డు చేసిన ఒక కుర్రదాన్ని ఏడిచేదాకా తిట్టింది కూడా.

కళ్లజోడు మీద పడ్డ తుంపర తుడుచుకుంటూ ఉంటే ఆమెకి మోటారు గొంతు తేడాగా వినిపించింది. బరువు దించేసినట్టు, హాయిగా, తేలిగ్గా ఉంది ఆ చప్పుడు. కళ్లజోడు పెట్టుకుని తెర చూసింది.

గీత అట్టడుగున ఉంది.

మామూలుగా పడి లేచే గింజులాట కాదు. పడి, అక్కడే పడుకుంది. రెండు ఉక్కు బిళ్లలు, మనిషి మోయలేనంత బరువుతో నొక్కుకుంటూ, వెన్న రాసినట్టు ఒకదాని మీద ఒకటి జారిపోతున్నాయి. ఆమె చూస్తూ ఉండిపోయింది. బిళ్లలు వేడెక్కి, చెమ్మ ఆరి, గీత మెల్లిగా లేవడం మొదలుపెట్టింది. లేచి, పైకెళ్లి, బుద్ధిమంతురాలిలా కూర్చుంది. ఇప్పుడు రికార్డు నొక్కితే అంతా బాగున్నట్టే.

ఆమె కిటికీ వంక చూసింది. ప్రమాదం జరిగిన రోజు కూడా ఇదే తుంపర కదా. షెడ్డులో ఎవరో అన్నారు, అప్పుడే చినుకులు మొదలయ్యాయని. తను పొడి పరీక్ష చేసినప్పుడు బిళ్లల్ని అసిటోన్‌తో అద్దంలా తుడిచింది. తడి పరీక్షలో గొట్టంతో నీళ్లు వదిలింది, ఉన్న మురికి కూడా కొట్టుకుపోయేటట్టు. ఆస్పత్రి వాలులో పట్టాని ఎవరు తుడిచారు? ఎవరు కడిగారు? సన్నటి తుప్పు, దాన్ని బురదలా కలిపేంత చెమ్మ, అంతే. కడగడానికి చాలదు, ఆరడానికి వీల్లేదు. ఆ స్థితి ఈ గదిలో ప్రతి ముసురుకీ వచ్చి పోతూనే ఉంది. దాన్ని రోజూ ఉమ్మేయించింది తనే.

బాబాయి టీ గ్లాసులతో వచ్చేసరికి ఆమె కుర్చీ అంచున కూర్చుని ఉంది.

"ఏమైందమ్మాయ్?"

"అతను తొక్కాడు బాబాయ్" అంది.

ఒకసారి కనబడిందని చెప్తే ఎవరూ నమ్మరు. మళ్లీ చూపించాలి. పిలిచినప్పుడల్లా ఆ జారుడు రావాలి. విచారణ చివరి రోజు దగ్గర్లోనే ఉంది. ఆమె మిగతా పనులన్నీ పక్కన పడేసింది. బిళ్లల్ని తడిగుడ్డ మీద పెట్టి బకెట్టు బోర్లించి తుప్పు పట్టించింది. ఇన్నేళ్లుగా తుప్పు పట్టకుండా కాపాడ్డమే పనిగా బతికిన మనిషి. పొడిగా నడిపితే తుప్పు పొడిలా రాలి గీత పైకి పోయింది. సిరంజితో చుక్క వేస్తే ఒక్క క్షణం పడి లేచింది. రెండు చుక్కలు వేస్తే కడిగేసినట్టయింది. బాబాయి ఇంటి నుంచి ఇస్త్రీకి నీళ్లు చిమ్మే సీసా తెచ్చాడు. దానితోనూ కాలేదు. ఎక్కువైతే పట్టేస్తుంది, తక్కువైతే పట్టేస్తుంది. ఆ రెంటికీ మధ్యనున్న సందు ఎక్కడో చేతికి చిక్కట్లేదు.

సాయంత్రానికి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. "పొద్దున పిలవకుండానే వచ్చావు కదే! ఇప్పుడేమొచ్చింది నీకు?" అని యంత్రాన్ని తిట్టింది. బాబాయి అటు తిరిగి కిటికీ తుడవడం మొదలుపెట్టాడు.

మర్నాడూ అంతే. తుప్పు పట్టించడం, ఎక్కించడం, తిప్పడం, పాడవడం, విప్పడం. మధ్యాహ్నానికి బిళ్లలు సగం అరిగిపోయాయి. ఇవి అయిపోతే ఆ చక్రంలోంచి ఇంకో ముక్క ఎవరూ ఇవ్వరు. ఆమె యంత్రం మీదికి వంగి కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక, బిళ్ల మీద మరక చూద్దామని దగ్గరకి జరిగి, కళ్లజోడు మీద ఊదినట్టు నోటి ఆవిరితో "హా" అని ఊదింది.

మోటారు గొంతు తేలికైంది.

"జుట్టు! జుట్టు జాగ్రత్త అమ్మాయ్!" అని బాబాయి అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఊదుతూనే ఉంది. ఊదినంతసేపూ గీత అడుగునే ఉంది. ఆపితే లేచింది. ఊదితే పడింది.

ఆ తర్వాత ప్లాస్టిక్ కాగితంతో యంత్రం చుట్టూ డేరా కట్టారు. టీ కెటిల్ మూతికి గొట్టం తగిలించి, ఆవిరి సన్నగా లోపలికి వదిలారు. గీత పడింది. ఆపితే లేచింది. మళ్లీ వదిలితే మళ్లీ పడింది. బాబాయి లెక్క మర్చిపోయేదాకా చేశారు.

ల్యాబు డైరెక్టరు మంచివాడే. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే దెబ్బలాడొచ్చు.

"టీ కెటిల్‌తో పరీక్షలేంటమ్మా?" అన్నాడు తల పట్టుకుని. "పోనీ నిజమే అనుకో. ఇన్నేళ్లుగా మనం పంపిన ప్రతి రిపోర్టులోనూ ఆ మొదటి ముక్క తీసేశాం. ఇది తప్పని రాస్తే, మరి అవన్నీ ఏంటని అడుగుతారు. ఏం చెప్తావు?"

"అవీ తప్పయి ఉండొచ్చని చెప్తాను."

"చెప్పాక ల్యాబు ఉంటుందా? నువ్వుంటావా?"

"ఏమోనండి. ముందు అతను ఉండాలి కదా."

ఆయన బల్ల మీద వేలితో గీతలు గీశాడు. చివరికి, "నా సంతకం ఉండదు. నీ సంతకంతో ఇచ్చుకో. నేను చూడలేదు, ఆపలేదు" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆశించడం అత్యాశ అని ఆమెకీ తెలుసు.

కాగితం పట్టుకుని మర్నాడు పొద్దున్నే విచారణ అధికారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన కూర్చోమనలేదు.

"ఇప్పుడు దీంతో మాకేం పనమ్మా? అతను మొన్ననే వచ్చి ఒప్పుకున్నాడుగా. ఆలస్యంగా తొక్కాను, తప్పు నాదే అని రాసిచ్చాడు."

"అది నా రిపోర్టు చూసి రాశాడండీ!"

"కావచ్చు. అతనే వచ్చి వెనక్కి తీసుకుంటే మీ కాగితం కూడా చూస్తాం. ఇవాళ సాయంత్రంతో ముగించేస్తున్నాను. ఆ తర్వాత కేసు పోలీసులకి వెళ్లిపోతుంది."

డ్రైవరు ఇల్లు మూడంతస్తుల మెట్లెక్కాక, చివర్న ఒక గది. తలుపు అతని భార్య తీసింది. చేతిలో యూనిఫాం చొక్కా ఉంది. తిరిగి ఇచ్చెయ్యడానికి మడత పెడుతోంది.

"నేను ల్యాబు నుంచి..." అంది ఇంజనీరమ్మ.

"ఓహో, మీరేనా ఆ యంత్రం మేడమ్? ఏం, ఆయన్లో ఇంకా ఏమైనా మిగిలిందా పట్టుకెళ్లడానికి?"

"తప్పు నాదే. ఆయన బ్రేకు తొక్కారు. అది చెప్పడానికే వచ్చాను."

భార్య చేతిలో చొక్కా జారిపోయింది. "ఏవండీ! విన్నారా? ఏవండీ!"

డ్రైవరు మంచం మీంచి లేచి, మర్యాదగా కుర్చీ జరిపాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. తుప్పు, తుంపర, పుక్కిలింత. మధ్యలో తల కూడా ఊపాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయింది ఆమె.

"మీరు మంచివారు మేడమ్. ఇది వచ్చి మీ దగ్గర ఏడ్చిందా?"

"నేనెందుకు ఏడుస్తాను ఈవిడ దగ్గర? ఈవిడెవరో నాకేం తెలుసు?" అంది భార్య.

"యంత్రం పొరబడదన్నారు కదండీ మీరే."

"యంత్రం పొరబడలేదు. చెప్తూనే ఉంది. నేనే చెరిపేస్తూ వచ్చాను" అంది ఇంజనీరమ్మ. "రండి, మీ కళ్లతో మీరే చూడండి. సాయంత్రంలోగా ఆఫీసుకి వెళ్లి మీ మాట వెనక్కి తీసుకోవాలి."

"తీసుకోలేనండీ." అతను మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. "ఆ అమ్మాయి తల్లి దగ్గరికి వెళ్లి, నేను సమయానికి తొక్కలేదమ్మా అని చెప్పి వచ్చాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. తలుపు వేసుకుంది. ఇప్పుడు మళ్లీ ఆ తలుపు కొట్టి, నా తప్పు లేదటమ్మా, నా ఉద్యోగం నాకిస్తారటమ్మా అననా? ఏ మొహం పెట్టుకుని? కడుపుకోతలో ఉన్న మనిషి. తిట్టుకోవడానికి ఆవిడకి నేనొక్కణ్ణయినా ఉన్నాను. అది కూడా లాక్కోమంటారా?"

భార్య అతని చెప్పులు తెచ్చి కాళ్ల ముందు విసిరింది. "రాత్రంతా నిద్రలో కాలితో గోడని తన్నేది ఎవరు? నేనా? లేవండి. మీరు రాకపోతే నేను వెళ్లి చూస్తాను. నాకు కావాలి, మీకు అక్కర్లేకపోతే."

ముగ్గురూ ల్యాబుకి వచ్చారు. బాబాయి అప్పటికే కెటిల్ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. తుప్పు పట్టిన బిళ్లలు తిరగడం మొదలైంది. గీత పైన ఉంది. ఆవిరి వదిలారు. గీత కూలింది. మోటారు చప్పుడు తేలికైంది.

డ్రైవరు తెర వంక చూడనే లేదు. చప్పుడు వింటున్నాడు. వింటూ వింటూ, కూర్చున్న చోటే కుడికాలు ముందుకు చాపి నేలని తొక్కాడు. మడమ లేచింది, వేళ్లు నొక్కుకుపోయాయి, పిక్క బిగుసుకుంది. ఇంజనీరమ్మ ఆ కాలు వంకే చూస్తోంది.

"ఇలాగేనండీ" అన్నాడు. "ఇలాగే అయింది. తొక్కగానే బండి తేలికైపోయింది. నా కింద బండి లేనట్టే. ఇంకా తొక్కాను. రెండు కాళ్లతో తొక్కాను." "తొక్కానే!" అని భార్య చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల పొట్టకి అదుముకుని నిలబడింది. బాబాయి కెటిల్ ఆపేశాడు.

కళ్లు తుడుచుకున్నాక కూడా అతను ఆఫీసుకి బయల్దేరలేదు. "ముందు ఆవిడకి చెప్పాలి. ఆవిడకి తెలియకుండా నేనక్కడ నోరు విప్పను. కావాలంటే ఆవిడ కొట్టనీ" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

కుట్టుపని అమ్మాయి ఇల్లు ఒక ఇరుకు సందులో ఉంది. అటూ ఇటూ ఇళ్లలోంచి మిషన్ల చప్పుడు. ఈ ఇంట్లో మాత్రం మిషను మీద గుడ్డ కప్పి ఉంది. తల్లి గుమ్మంలో వెలుగుకేసి కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతోంది. కూతురు కుట్టిన బట్టలకి కాజాలు కుట్టడం ఆవిడ వంతు. ఇంకా మిగిలినవేవో ఉన్నట్టున్నాయి. డ్రైవరుని చూసి తల దించుకుంది.

"మళ్లీ ఎందుకొచ్చావు?"

ఇంజనీరమ్మ ముందుకొచ్చింది. "అమ్మా, చక్రం, పట్టా పరీక్ష చేసింది నేను. చక్రం పట్టిందని తప్పుగా రాశాను. ఆ రోజు తుంపరకి పట్టలేదు, జారిపోయింది. ఈయన సమయానికే తొక్కారు. నా రాత నమ్మి, తన కాలిని నమ్మడం మానేశారు. ఏమన్నా అనదలుచుకుంటే నన్ను అనండి."

తల్లి కాజా సగంలో ఆపలేదు. చివరి కుట్టు దాకా వేసి, ముడి వేసి, దారం పంటితో తెంపింది. అప్పుడు తలెత్తింది. ఇంజనీరమ్మ వంక కాదు.

"ఆవిడ సంగతి నాకొద్దు. నువ్వు చెప్పు. తొక్కావా?"

"తొక్కానమ్మా."

"ఎక్కణ్ణుంచి?"

"వాలు పైనుంచి. మందుల షాపు దగ్గర్నుంచి."

"ఎందాకా?"

"బండి ఆగేదాకా. ఆగాక కూడా కాలు రాలేదమ్మా. ఎవరో వచ్చి తీయించారు."

ఆవిడ లేచింది. ఒళ్లో చొక్కా జారిపడింది. డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు, దెబ్బ పడుతుందనే. పడింది. రెండు పిడికిళ్లతోనూ అతని గుండెల మీద గుద్దడం మొదలుపెట్టింది.

"మరి ఆ మాట ఎందుకు చెప్పలేదురా? తొక్కలేదని చెప్పి పోతావా? నా పిల్ల ఎదురుగా ఉంటే కాలు కదపడానికి కూడా ఒక్క మనిషి లేకపోయాడు, అంత దిక్కులేనిదై పోయింది అని... ఈ గోడకేసి తల కొట్టుకున్నాను తెలుసా? తొక్కావా? దాన్ని చూసి తొక్కావా?"

"చూసే తొక్కానమ్మా. చూసే."

"ఆ మాట నాదిరా! నా పిల్లది! దాన్ని నువ్వెవడివి దాచడానికి?"

కొట్టీ కొట్టీ ఆవిడ చేతులు అతని చొక్కా పట్టుకుని ఆగిపోయాయి. డ్రైవరు భార్య ఏడుస్తూ గోడకి చేరగిలబడింది. ఇన్ని రోజులూ ఇంజనీరమ్మ ఆలోచించింది అతని ఉద్యోగం గురించి, జైలు గురించి, తన సంతకం గురించి. ఆ రాత ఇంకో ఇంట్లో ఏం చేసిందో ఆమె ఊహకి కూడా అందలేదు.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఆఫీసు ఎప్పటిదాకా ఉంటుంది?"

"సాయంత్రం దాకా" అంది భార్య.

"పద. నాకు చెప్పిందే అక్కడ చెప్పు. నేను వింటుండగా చెప్పు." ఇంజనీరమ్మ వైపు తిరిగి, "నువ్వూ రా. ఆ కాగితం నువ్వే చదువు" అంది. చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా లాగి, సందులోకి నడిచింది.

సందు దాటి పెద్ద రోడ్డు మీదికొచ్చాక డ్రైవరుని దగ్గరకి పిలిచింది.

"గంట కొట్టావా?"

"కొట్టానమ్మా. చెయ్యి తియ్యకుండా."

"దానికి వినిపించిందా?"

"వినిపించింది. తలెత్తి చూసింది" అన్నాడు.

తల్లి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. భార్య వచ్చి ఆవిణ్ణి పక్కకి లాగబోయింది.

"చూసిందా నిన్ను?"

"చూసిందమ్మా."

ఆఫీసు మెట్లెక్కేదాకా ఆవిడ ఇంకేమీ అడగలేదు. డ్రైవరు చెయ్యి మాత్రం వదల్లేదు.